పారిస్‌ని కాపాడిన జర్మన్ జనరల్ అంటున్నారు, ఎంతవరకు నిజం?

కాజా_కాకినాడ:

రెండో ప్రపంచ యుద్ధం వీడియోలు చూస్తూ చూస్తూ ఒక జర్మన్ జనరల్ దగ్గర ఆగిపోయాను. పేరు డీట్రిష్ ఫాన్ కోల్టిట్స్, 1944 ఆగస్టులో పారిస్ సైనిక గవర్నర్. ఊరు చేజారేలా ఉంటే శిథిలాల కుప్ప చేసి మరీ వదలమని హిట్లర్ ఆర్డరేశాడట, ఈయన వినలేదట, అందుకే ఈఫిల్ టవరూ నోటర్‌డామ్ చర్చీ ఇవాళ్టికీ నిలబడి ఉన్నాయట. కింద కామెంట్లన్నీ "రియల్ హీరో", "సెల్యూట్ సార్". సరే అని ఇంకాస్త వెతికితే ఇదే మనిషి 1940లో రోటర్‌డామ్‌లో ఉన్నాడు, 1942లో సెవస్టొపోల్‌లో ఉన్నాడు, ఆ రెండు ఊళ్ళూ నేలమట్టమయ్యాయి. మూడో ఊరికొచ్చేసరికి ఒక్కసారిగా మనసు కరిగిపోయిందా?

ఈయన సర్వీసు మొదటి నుంచి ఎలా నడిచిందో తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. ఇంకోటి, ఈయన్ని "ఇన్‌ఫాంట్రీ జనరల్" అంటున్నారు, అంటే జర్మనీ కాల్బలం మొత్తానికి ఈయనే పెద్దా? హిట్లర్ మాట కాదన్నవాడు ప్రాణాలతో ఎలా బయటపడ్డాడనేది మూడో డౌట్.

పాత_పటాలు:

ర్యాంకు సంగతి ముందు తేల్చేద్దాం, చిన్నదే. కాల్బలం మొత్తానికి పెద్ద కాదు. జర్మన్ సైన్యంలో మేజర్ జనరల్, లెఫ్టినెంట్ జనరల్ దాటాక వచ్చే ర్యాంకుకి విభాగం పేరు తగిలిస్తారు. ఇన్‌ఫాంట్రీ జనరల్, ఆర్టిలరీ జనరల్, ట్యాంకు దళాల జనరల్, అలా. అందరిదీ ఒకటే స్థాయి, ఒక కోర్‌ని (కొన్ని డివిజన్లు కలిసిన దళాన్ని) నడిపే స్థాయి, మన ఆర్మీలో లెఫ్టినెంట్ జనరల్ అనుకోండి. కోల్టిట్స్‌కి ఆ ర్యాంకు 1944 ఆగస్టు 1న వచ్చింది, ఆగస్టు 25న పట్టుబడ్డాడు. అంటే ఆ హోదాలో ఆయన యుద్ధం చేసింది నెల కూడా లేదు.

ఇక మొదటి నుంచి. 1894 నవంబరు 9న అప్పర్ సైలీషియాలో పుట్టాడు, ఆ ప్రాంతం ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి ప్రష్యన్ సైన్యంలో మేజర్. 1907లో, పదమూడేళ్ళు కూడా నిండకముందే, డ్రెస్డెన్ కేడెట్ స్కూల్లో చేర్చారు. 1914లో శాక్సన్ సైన్యం 107వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్‌లోకి వెళ్ళి నేరుగా పశ్చిమ రంగంలో, మార్న్, ఈప్ర్, సోమ్ యుద్ధాల్లో పడ్డాడు. ఓడిపోయాక వెర్సాయ్ సంధి జర్మన్ సైన్యాన్ని లక్ష మందికి కుదించింది, ఆఫీసర్లు 4 వేలకు మించకూడదన్నారు. ఆ వడపోతలో కూడా ఈయన మిగిలాడు. మధ్యలో అశ్వికదళంలో పనిచేశాడు, 1929లో ఒక అశ్వికదళ జనరల్ కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. 1937లో మేజర్, 16వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్‌లో మూడో బెటాలియన్ కమాండర్. ఈ రెజిమెంట్ 22వ డివిజన్‌లోది, విమానాల్లో దింపి యుద్ధం చేయించడానికి ప్రత్యేకంగా తయారు చేసిన డివిజన్. రోటర్‌డామ్‌కి ఈయన్నే పంపడానికి కారణం అదే.

1940 మే 10 తెల్లవారుజామున ఆయన కంపెనీల్లో ఒకదాన్నీ కొంతమంది ఇంజినీర్లనీ పాతకాలపు నీటి విమానాల్లో ఎక్కించి రోటర్‌డామ్ నడిమధ్య నదిలోనే దింపారు. రబ్బరు పడవల్లో ఒడ్డుకొచ్చి విలెమ్స్ వంతెన పట్టుకున్నారు. మిగతా బెటాలియన్ నదికి దక్షిణాన వాల్‌హావెన్ ఎయిర్‌పోర్టులో యుంకర్స్ విమానాల నుంచి దిగి, ఊళ్ళోంచి వంతెన దాకా పోరాడుకుంటూ వచ్చింది. అక్కడిదాకా బ్రహ్మాండంగా జరిగింది. తర్వాత డచ్ మెరైన్లు ఉత్తరపు ఒడ్డున గట్టిగా నిలబడిపోయారు. వంతెన అవతల ఓ యాభై అరవై మంది జర్మన్లు ఒక బీమా కంపెనీ భవనంలో ఇరుక్కున్నారు. ముందుకి పోలేరు, వెనక్కి రాలేరు, వంతెన మీద తలెత్తితే తుపాకీ గుండే. నాలుగు రోజులు అదే పరిస్థితి. మే 14న లొంగిపొమ్మని అల్టిమేటం ఇచ్చారు, దాని మీద సంతకం లేదని డచ్ కమాండర్ తిప్పి పంపాడు, రెండోది రాసిచ్చారు, ఆ గడువు ముగియకముందే బాంబర్లు వచ్చేశాయి. ఆపండి అన్నట్టు కింద నుంచి ఎర్ర ఫ్లేర్లు కాల్చారు, ఒక గుంపు చూసి పక్కకి తిరిగింది, పెద్ద గుంపు చూడలేదు. దాదాపు 850 మంది చనిపోయారు, 80 వేల మందికి ఇల్లు లేకుండా పోయింది. కోల్టిట్స్‌కి నాలుగు రోజుల తర్వాత నైట్స్ క్రాస్ అనే శౌర్య పతకం ఇచ్చారు.

కాబట్టి రోటర్‌డామ్‌ని ఈయన కూల్చాడు అంటే తప్పు, బాంబులు వేసింది వైమానిక దళం, పైగా ఈయన మనుషులు అదే వంతెన దగ్గర ఉన్నారు. సెవస్టొపోల్ కూడా అంతే, అక్కడ మాన్‌స్టైన్ 11వ ఆర్మీ మొత్తం నెలల తరబడి ముట్టడి వేసింది, ఈయన అందులో ఒక రెజిమెంట్‌కి కల్నల్. 1942 జూన్‌లో ఉత్తరం వైపున్న స్టాలిన్ కోట మీదకి ఆ రెజిమెంట్‌నే పంపారు. రాళ్ళ గుట్టల్లో బంకర్ తర్వాత బంకర్, ఆ ఎండలో, చేతిబాంబులతో. వేలల్లో ఉన్న రెజిమెంట్ ఊరు పడేసరికి కొన్ని వందలకి వచ్చింది, ఈయన చేతికి గాయమైంది. చెప్పినపని ఎంతమంది చచ్చినా చేసి పెడతాడన్న పేరు ఇక్కడే వచ్చింది, అదే ఆయన్ని మేజర్ జనరల్‌ని చేసింది. 1943లో రష్యాలో కొన్నాళ్ళు 11వ పాంజర్ డివిజన్‌కి కమాండర్, 1944 మొదట్లో ఇటలీ, జూన్‌లో నార్మండీ.

నార్మండీలో ఈయన పని ఏమంత గొప్పగా నడవలేదు, వీడియోలు దాన్ని ఎగ్గొట్టేస్తాయి. 84వ కోర్ కమాండర్ ఎరిక్ మార్క్స్ జూన్ 12న విమానదాడిలో చనిపోతే, కొద్ది రోజులకి ఈయన్ని ఆ కోర్‌కి వేశారు. పొదల గట్ల మధ్య పొలాల్లో అమెరికన్లని నెలన్నర పాటు అంగుళం అంగుళం ఆపాడు. జులై 25న అమెరికన్లు సెయింట్ లో పక్కన వందల కొద్దీ భారీ బాంబర్లతో నేలంతా దున్నేసి చొచ్చుకొచ్చారు, నాలుగైదు రోజుల్లో కోర్ చెదిరిపోయింది. తప్పెవరిదని పైన గొడవ, ఈయన్ని తీసేసి ఎల్ఫెల్ట్‌ని వేశారు. అలా తీసేసిన మనిషికి వెంటనే ప్రమోషనూ పారిస్ పోస్టింగూ వచ్చాయి. విచిత్రంగా ఉంటుంది కానీ, జులై 20న హిట్లర్ మీద బాంబు పేలింది కదా, ఆ రోజు పారిస్‌లో నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్‌ఎస్ వాళ్ళని అరెస్టు చేయించిన గుంపులో అప్పటి పారిస్ కమాండెంట్ బోయ్నెబుర్గ్ కూడా ఉన్నాడు. ఆ కుర్చీలో ఎదురు మాట్లాడని మనిషి కావాలి.

మాజీ_సుబేదార్:

పై పోస్టు బాగుంది. పారిస్ సంగతి నేను చెప్తాను, ఫౌజీ లెక్కలో.

ఆగస్టు 7న హిట్లర్ హెడ్‌క్వార్టర్స్ ఉన్న రాస్టెన్‌బుర్గ్‌లో ఆయన్ని కలిశాడు, 9న పారిస్ చేరి రివోలి వీధిలో మ్యూరిస్ హోటల్‌లో ఆఫీసు పెట్టాడు. చేతిలో ఉన్నది సుమారు 20 వేల మంది, అదీ చాలావరకు ఆఫీసు పనివాళ్ళు, వయసు మీరిన సెక్యూరిటీ దళాలు, అటూ ఇటూ చెదిరిన యూనిట్ల మిగులు. ట్యాంకులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎదురుగా లక్షల జనం ఉన్న నగరం. ఆగస్టు 15న పారిస్ పోలీసులే సమ్మెకి దిగారు, 19న తిరుగుబాటు మొదలై పోలీస్ ప్రిఫెక్చర్, అంటే పోలీసుల హెడ్డాఫీసు, తిరుగుబాటుదారుల చేతిలోకి పోయింది, వీధుల్లో బారికేడ్లు. ఇప్పుడు చెప్పండి, ఈ బలగంతో అంత పెద్ద ఊరిని నేలమట్టం చేయడం ఎలా? ఒక వంతెన కూల్చాలన్నా మందుగుండు తేవాలి, సరైన చోట పెట్టాలి, వైర్లు లాగాలి, ఎవడో కోసేయకుండా రాత్రీ పగలూ కాపలా ఉండాలి. వంతెనలకి కొన్నింటికి మందుగుండు పెట్టారు, అది నిజమే. కానీ పశ్చిమం నుంచి వెనక్కొస్తున్న జర్మన్ దళాలు సెన్ నది దాటాల్సింది ఆ వంతెనల మీదే. వాటిని తొందరపడి పేల్చేస్తే సొంతవాళ్ళే అవతల చిక్కుకుంటారు. ఈ సాకునే ఆయన పైవాళ్ళకి పదే పదే చెప్పి రోజులు నెట్టాడు.

హిట్లర్ రాతపూర్వక ఆర్డర్ 23న వచ్చింది, పారిస్ శత్రువు చేతిలో పడితే శిథిలాల మైదానంగానే పడాలని. అప్పటికి ఫ్రెంచి జనరల్ లెక్లెర్క్ ట్యాంకులు దారిలో ఉన్నాయి. ఆర్డర్‌ని ధిక్కరించడం వేరు, పాటించే దారి లేకపోవడం వేరు. ఈయనది ఎక్కువ భాగం రెండోదే అని నా అభిప్రాయం. పాము చావకుండా కర్ర విరగకుండా రెండు వారాలు గడిపి, చివరికి సరెండర్ అయ్యాడు.

ఇంకో విషయం మర్చిపోతారు. 25న పొద్దున నోర్డ్‌లింగ్ అనే స్వీడిష్ కాన్సుల్ ద్వారా ఫ్రెంచివాళ్ళు లొంగిపొమ్మని ముందే కబురు పెట్టారు, కాదన్నాడు. కొంచెం పోరాటం జరిగితే తప్ప సైనికుడి గౌరవం నిలవదని లెక్క. ఆ గౌరవం కోసం రివోలి వీధిలో ఆ మధ్యాహ్నం రెండు వైపులా మనుషులు చచ్చారు. తర్వాత హోటల్‌లోకి దూసుకొచ్చిన లెఫ్టినెంట్ కార్షే ముందు చేతులెత్తాడు. ప్రిఫెక్చర్ బిలియర్డ్స్ గదిలో కాగితం మీద సంతకం, అక్కడి నుంచి మోంపార్నాస్ స్టేషన్, అక్కడ కూర్చుని మిగతా జర్మన్ పోస్టులకి కాల్పులు ఆపమని చీటీలు రాసిచ్చాడు. ప్రాణాలతో ఎలా బయటపడ్డాడు అని అడిగారు కదా, ఇంతే, హిట్లర్ చేతికి అందకముందే ఖైదీ అయిపోయాడు. కుటుంబం మాత్రం జర్మనీలో ఉంది. ఆఫీసర్ తప్పు చేస్తే పెళ్ళాం పిల్లల్ని పట్టుకుంటారని తను పారిస్ వచ్చే ముందే విన్నానని తర్వాత రాసుకున్నాడు. సరెండర్‌కి ముందు కొంచెం కాల్పులు జరగాలని అంత పట్టు పట్టడానికి అది కూడా కారణమై ఉండొచ్చు.

గోదారి_గట్టు:

సుబేదార్ గారూ, మీ లెక్క కాదనను కానీ మరీ తీసిపారేస్తున్నారండీ. ఊరంతా కూల్చలేడు, ఒప్పుకున్నా. కానీ కొంత కూల్చగలడు కదా? వార్సా సంగతి చూడండి. అదే ఆగస్టు 1944, అదే రకం తిరుగుబాటు, అక్కడి జర్మన్లు వీధి తర్వాత వీధి తగలబెట్టారు, ఒక్క వోలా పేటలోనే కొన్ని రోజుల్లో పదుల వేలమంది పౌరుల్ని కాల్చి చంపారు. పారిస్‌లో అలాంటిది మొదలుపెట్టాలంటే భారీ బలగం అక్కర్లేదు, కొన్ని దళాలూ ఒక ఆర్డరూ చాలు. ఈయన ఆ ఆర్డర్ ఇవ్వలేదు.

చేసినవి కూడా ఉన్నాయి. ఆగస్టు 20న ఆయన మనుషులు ముగ్గుర్ని పట్టుకొచ్చి ఎదురుగా నిలబెట్టారు, అందులో ఒకడు అలెగ్జాండర్ పారోడి, జర్మన్లతో పోరాడుతున్న ఫ్రెంచివాళ్ళ నాయకుడు డిగాల్‌కి ఫ్రాన్స్ లోపల ప్రతినిధి. అంటే తిరుగుబాటు తల చేతికి చిక్కినట్టే. గోడకి నిలబెట్టి కాల్చేస్తే అడిగేవాడు లేడు, పైనుంచి మెచ్చుకోలు కూడా వచ్చేది. నోర్డ్‌లింగ్ వచ్చి మాట్లాడాడు, వదిలేశాడు. మిత్రరాజ్యాలని త్వరగా రమ్మని కబురు చెప్పడానికి వెళ్ళిన బృందానికి జర్మన్ లైన్లు దాటడానికి పాస్ ఇచ్చింది కూడా ఈయనే. నోర్డ్‌లింగ్‌కి గుండెపోటు వస్తే తమ్ముడు రోల్ఫ్ వెళ్ళాడు. శత్రువుని త్వరగా రమ్మని పిలవడానికి పాస్ రాసిచ్చే జనరల్‌ని నేనైతే ఇంకెక్కడా వినలేదు.

24 రాత్రి ముచ్చట కూడా చెప్పాలి. తొమ్మిదిన్నర ప్రాంతంలో లెక్లెర్క్ సైన్యంలోని కెప్టెన్ డ్రోన్ చిన్న దళంతో సిటీ హాల్ ముందుకి చేరాడు, ఆ దళంలో ఎక్కువమంది స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడి పారిపోయొచ్చిన రిపబ్లికన్లు. ఊళ్ళో చర్చి గంటలన్నీ ఒకటొకటిగా మోగడం మొదలుపెట్టాయి. కోల్టిట్స్ అప్పుడు ఆర్మీ గ్రూప్ బి చీఫ్ ఆఫ్ స్టాఫ్ స్పైడెల్‌కి ఫోన్ చేసి, రిసీవర్‌ని కిటికీ బయటకి పెట్టి వినమన్నాడట. అంతకుముందు అదే స్పైడెల్‌కి వెటకారంగా, మీ ఆర్డర్ ప్రకారం నోటర్‌డామ్‌లో ఇన్ని టన్నులు ఇన్వాలీడ్‌లో ఇన్ని టన్నులు పెట్టించాను అని చెప్పాడట.

పాత_పటాలు:

గట్టు గారూ, ఆ చివరి రెండు ముచ్చట్లూ కోల్టిట్స్ తనే యుద్ధం అయ్యాక రాసుకున్నవి. చదవడానికి బాగుంటాయి, నాకూ ఆ ఫోన్ సీన్ ఇష్టమే. కానీ పారిస్ రక్షకుడు అన్న బొమ్మలో సగం రంగులు ఆయన జ్ఞాపకాల నుంచి వచ్చినవే, వాటినే నవలలా రాసిన పుస్తకాలు, వాటి మీద సినిమాలు. తన డప్పు తనే కొట్టుకున్న మనిషి మాట అని ఒక కన్ను వేసి ఉంచాలి. పారోడిని వదిలిన సంగతీ రోల్ఫ్ పాసూ మాత్రం పక్కా, వాటికి అవతలి వైపు సాక్ష్యం ఉంది.

మరి ఈయన గవర్నర్‌గా ఉండగానే పారిస్‌లో జరిగినవి కూడా చెప్పాలి కదా. ఆగస్టు 15న పారిస్ పక్కనున్న పాంటాన్ నుంచి రెండు వేలమందికి పైగా ఖైదీల్ని రైల్లో కుక్కి బుఖెన్‌వాల్డ్, రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరాలకి పంపారు. 16 రాత్రి బోయ్ ద బులోన్ అడవిలో జలపాతం దగ్గర 35 మంది కుర్రాళ్ళని కాల్చేశారు. ఇవి గెస్టపో (నాజీ రహస్య పోలీసులు), ఎస్‌ఎస్‌ల పనులు, నేరుగా ఈయన చెయ్యి లేదు, ఆ మర్నాడే ఆయన ఆఫీసు రాజకీయ ఖైదీల విడుదలకి నోర్డ్‌లింగ్‌తో ఒప్పందం కూడా చేసుకుంది. కానీ 23న గ్రాండ్ పాలే అనే పెద్ద ఎగ్జిబిషన్ భవనం తగలబడింది చూడండి, అది జర్మన్ సైన్యమే. లోపల ఒక సర్కస్ కంపెనీ ఉంది అప్పుడు, జంతువులతో సహా. ఊరు చెక్కు చెదరలేదు అనేవాళ్ళకి ఆ ఫొటోలు చూపించాలి.

లండన్_ఉప్మా:

ఇంతమంది ఇంత రాశారు కానీ అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. పట్టుబడ్డాక ఈయన్ని ఎక్కడ పెట్టారో తెలుసా? ట్రెంట్ పార్క్. మా ఉత్తర లండన్‌లోనే, పిక్కడిల్లీ లైన్‌లో చివరి దాకా వెళ్తే కాక్‌ఫాస్టర్స్, అక్కడి నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. పెద్ద బంగళా, చుట్టూ పార్కు. పట్టుబడ్డ జర్మన్ జనరల్స్‌ని బ్రిటిష్‌వాళ్ళు అక్కడ మహారాజుల్లా ఉంచారు, మంచి తిండి, బిలియర్డ్స్, పేపర్లు, వాకింగులు. వీళ్ళు కూడా మన హోదాకి తగ్గ మర్యాద అని మురిసిపోయారు. ఆ ఇంట్లో దీపాల్లో, నిప్పుగూళ్ళలో, ఎక్కడపడితే అక్కడ మైకులు. ఇంకో గదిలో కూర్చుని వింటున్న వాళ్ళలో చాలామంది హిట్లర్ దెబ్బకి జర్మనీ వదిలి పారిపోయొచ్చిన యూదులు. జనరల్స్ నోరు జారినవి రికార్డు చేసి, జర్మన్‌లో రాసి, ఇంగ్లీషులోకి తర్జుమా చేసి ఫైల్ చేశారు.

1944 ఆగస్టు 29న, అంటే పట్టుబడ్డ నాలుగు రోజులకే, ఉత్తర ఆఫ్రికాలో ఎల్ అలమేన్ దగ్గర దొరికిన జనరల్ థోమాతో మాట్లాడుతూ కోల్టిట్స్ అన్న మాట ఆ కాగితాల్లో ఉంది. తను చేసిన పనులన్నింటిలో కష్టమైనది యూదుల్ని అంతం చేయడమని, అయినా ఆ ఆర్డర్‌ని చివరి వివరం దాకా పూర్తిగా అమలు చేశానని. ఎవరూ బెదిరించి చెప్పించలేదు, మైకు ఉందని తెలియదు, తోటి జనరల్‌తో ఊరికే మాట్లాడుకుంటున్నాడు. చరిత్రకారులు దీన్ని సెవస్టొపోల్ ఉన్న క్రిమియాలో ఆయన గడిపిన రోజులకి ముడిపెడతారు. ఆ 11వ ఆర్మీ వెనకే ఓలెన్‌డోర్ఫ్ నడిపిన ఐన్‌జట్స్‌గ్రూప్ డి అనే ఎస్‌ఎస్ హంతక దళం తిరిగింది, తన దళం 90 వేలమందిని చంపిందని ఓలెన్‌డోర్ఫ్ న్యూరెంబర్గ్ కోర్టులో తనే చెప్పాడు. 1941 డిసెంబర్‌లో సింఫెరోపోల్‌లో యూదుల్ని వేలల్లో కాల్చి కందకాల్లో పడేసినప్పుడు కోల్టిట్స్ రెజిమెంట్ అదే క్రిమియాలో ఉంది.

రెజిమెంట్ కమాండర్ అంటే కొన్ని వేలమంది మీద అధికారం, ట్రక్కులు, కాపలా, రోడ్డు దిగ్బంధం, అన్నీ చేతిలో ఉంటాయి. సైన్యం సాయం లేకుండా అంత పెద్ద హత్యాకాండ సాగదు. నేను ఈ మనిషికి "సెల్యూట్ సార్" పెట్టలేను.

కాజా_కాకినాడ:

అమ్మో, ఇది ఏ వీడియోలోనూ చెప్పలేదు. మరి అలా టేపుల్లో దొరికాక కేసు ఎందుకు పెట్టలేదు? ఉరి తీయాల్సిన మాట కదా అది.

లండన్_ఉప్మా:

ఆ రికార్డింగులు కోర్టులో బయటపెడితే మైకుల గుట్టు బయటపడుతుంది. తర్వాతి యుద్ధానికీ అదే పద్ధతి పనికొస్తుందని బ్రిటిష్ గూఢచారి విభాగం వాటిని సాక్ష్యంగా ఇవ్వలేదు. 1990ల దాకా ఫైళ్ళు మూసే ఉన్నాయి. అందుకే ఈయన ఒక్కడే కాదు, ఆ ఇంట్లో ఉన్న చాలామంది తప్పించుకున్నారు.

న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి, అదే ఫైళ్ళలో 1944 అక్టోబర్‌లో ఆయనే, మనందరిదీ తప్పే, అన్నింటికీ తలూపాం, నా సైనికుల్ని ఈ చెత్త నమ్మేలా చేశాను, సిగ్గుగా ఉంది అన్నాడు. మిగతా జనరల్స్‌లో చాలామంది ఆమాత్రం కూడా అనలేదు. బయటికొచ్చాక రాసిన జ్ఞాపకాల్లో మాత్రం ఆ గొంతు వినపడదు.

గోదారి_గట్టు:

ఇది చదివాక కొంచెం గొంతులో వెలక్కాయ పడ్డట్టే ఉంది. అయినా నా మొదటి మాట మీదే ఉన్నానండీ, పారిస్‌లో ఆ రెండు వారాలు ఆయన చేసిందీ చేయనిదీ కూడా లెక్కే. క్రిమియాలో చేసినదానికి శిక్ష పడాల్సింది, పడలేదు, అది ఇంకా పెద్ద తప్పు. పారోడి బతికి బయటపడ్డాడన్నది దానివల్ల అబద్ధమైపోదు.

మాజీ_సుబేదార్:

ఒప్పుకుంటా. పారోడి విషయంలో ఆయన చేతిలో నిజంగా నిర్ణయం ఉంది, తీసుకున్నాడు. ఊరంతా కూల్చే విషయంలో అంత లేదు. రెండింటినీ కలిపి సినిమా తీస్తేనే నాకు ఒళ్ళు మండేది.

కాజా_కాకినాడ:

అందరికీ థాంక్స్. ఆఖరుగా, విడుదలయ్యాక ఏం చేశాడు?

పాత_పటాలు:

ట్రెంట్ పార్క్ తర్వాత అమెరికాకి పంపారు, మిసిసిపీలో క్లింటన్ క్యాంపు. 1947లో వదిలేశారు, ఏ కోర్టూ విచారించలేదు. 1951లో జ్ఞాపకాలు వేసుకున్నాడు, బాడెన్‌బాడెన్‌లో ఉన్నాడు, 1966 నవంబర్‌లో అక్కడే పోయాడు. అంత్యక్రియలకి ఫ్రెంచి ఆఫీసర్లు కూడా వచ్చారు. ఇంకా ఆసక్తి ఉంటే స్పైడెల్ గురించి విడిగా ఒక ప్రశ్న పెట్టండి. పారిస్ ఫోన్లకి అవతల ఉన్న ఆ మనిషి తర్వాత నాటోలో పెద్ద పదవికి వెళ్ళాడు. ఆయన కథ దీనికంటే పొడుగు.